బంగారు పుట్టలో వేలు

పగటిపూట కథ చెబితే ఊరికి బయల్దేరిన మేనమామ దారి తప్పుతాడని మా జేజి అనేది. మేనమామల మీద ప్రేమ సంగతి ఎట్లున్నా, పగలు ఆమెకు ఊపిరి తిప్పుకునే తీరిక లేదన్నది మాత్రం నిజం. కథ కావాలంటే పొద్దు గుంకాలి, గొడ్లకు మేత పడాలి, సంగటి గిన్నెలు కడిగి బోర్లించాలి. ఎండాకాలమైతే ఆపైన మిద్దె ఎక్కాలి. మా వైపు అప్పట్లో అన్నీ మట్టిమిద్దెలే. దూలాల మీద దంతెలు, దంతెల మీద కంప, ఆ పైన చవుడు పోసి తొక్కిన కప్పు. సాయంత్రం నాలుగు బిందెల నీళ్ళు చల్లితే చీకటి పడేసరికి ఒళ్ళు ఆనించే మాదిరి చల్లబడేది. గవాచి మీద బండ మూసి, ఈతచాపలు పరిచి, పిల్లలమంతా ఒకరి మీద ఒకరు కాళ్ళేసుకుని పడుకుంటే మధ్యలో జేజి.

కథ మొదలయ్యాక ఒకరు ఊఁ కొట్టాలి. అందరూ కాదు, ఒకరే. ఆ పని వంతులవారీగా వచ్చేది. ఊఁ ఆగిందంటే కథా ఆగేది. "నిద్దర పోయినారా? సరే, రాజు కొడుకు ఆ మర్రిమాను కిందనే నిలబడుకోని ఉంటాడు. రేపొచ్చి పిల్చకపోతాం" అని ముసుగు తన్నేది. రాత్రంతా అక్కడ ఒక్కడే నిలబడాలి కదా అని నాకు దిగులుగా ఉండేది. రాజు కొడుకు కష్టం గురించి బాధపడటం అంతకుముందు నాకెవరూ నేర్పలేదు.

మా పల్లె నుంచి ముద్దనూరు స్టేషను కనపడదు గాని రైలు కూత వినపడుతుంది. మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా ఈ లైను 1871కే పూర్తయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు జమ్మలమడుగు జనానికైనా, పులివెందుల జనానికైనా రైలంటే ముద్దనూరే. జమ్మలమడుగు మీదుగా పోయే నంద్యాల–ఎర్రగుంట్ల లైను తెరిచింది 2016లో. అందుకని తెల్లవారుజాము బండికి ముందురోజు సాయంత్రమే దిగేవాళ్ళు, బండి తప్పి మరుసటి బండి కోసం కాచుకునేవాళ్ళు స్టేషను బయట చెట్ల కింద మూటలే దిండ్లుగా పడుకునేవాళ్ళు. మా అబ్బ బాడుగబండి తోలేవాడు. వాళ్ళ పక్కనే ఎద్దులను విప్పి రాత్రి అక్కడే ఉండేవాడు. జేజి దగ్గరున్న కథల్లో సగం అట్లా బండెక్కి మా ఇంటికి వచ్చినవే. మజిలీకొక కథ చొప్పున కాశీమజిలీ కథలు రాసిన మధిర సుబ్బన్న దీక్షితులు గోదావరి సీమ మనిషి. ఆ పన్నెండు భాగాల్లో ఒక్కదాని అట్ట కూడా జేజి చూసి ఉండదు. చూసినా చదవలేదు. అయినా ఆ పుస్తకంలోని ఏర్పాటు మాకు కొత్తగాదు. తెలియనివాళ్ళు ఒక చెట్టు కింద రాత్రి గడపాల్సి వస్తే కథ తప్ప వాళ్ళకు ఉమ్మడి ఆస్తి ఇంకేముంటుంది?

జేజి కథల్లో రాజ్యాలన్నీ మా తాలూకా మాదిరే ఉండేవి. రాజుగారి కోటకు నాపరాళ్ళ ప్రాకారం. రాకాసి ఉండేది ఎర్రమల కొండల్లో. రాజకుమార్తెకు ఉగ్గాని అంటే ప్రాణం. ఏడు మల్లెపూల ఎత్తు రాకుమారి కథ ఆమె చెప్పే తీరు నాకు బాగా గుర్తు. రోజూ తక్కెడలో ఒకవైపు ఏడు మల్లెపూలు, ఇంకోవైపు రాకుమారి, ముల్లు సరిగ్గా మధ్యలో. మా చిన్నక్క ఒకసారి "మనిషి అంత తేలిగ్గా ఎట్లుంటుంది జేజీ?" అని అడిగింది. జేజి నవ్వింది. "గంజికేంద్రం కాడ వరస నిలబడినప్పుడు మేమందరం ఏడు మల్లెపూల ఎత్తే ఉంటిమి లేవే" అంది.

మాకప్పుడు ఆ మాట అర్థం కాలేదు. గంజికేంద్రం కూడా కథలో ఒక ఊరనుకున్నాం. 1952లో రాయలసీమ కరువుకు ఊరూరా గంజికేంద్రాలు పెట్టారని, అంతకు ముక్కాలు శతాబ్దం ముందు 1876–78లో వచ్చిన ధాత కరువు గురించి జేజికి వాళ్ళ జేజి చెప్పిందని, ఈ రెండు కరువుల నడుమే ఆమె కథలన్నీ పెరిగాయని నాకు తెలిసేసరికి ఆమె లేదు. కథల్లో రాజు ఊరికే ఊరికే విందులు చేయడం, పేదవాడికి దొరికిన మాయగిన్నె ఎప్పటికీ ఖాళీ కాకపోవడం, రాకాసి "నరవాసన" అంటూ ఆకలితో తిరగడం, వీటన్నిటికీ పెద్ద పెద్ద అర్థాలు వెతికిన పుస్తకాలు తర్వాత చూశాను. ఆ పుస్తకాలు రాసినవాళ్ళలో ఎంతమంది కరువు చూశారో నాకు అనుమానమే.

జేజి కథల్లో నన్ను వదలకుండా వెంటబడిన కథ ఏడు చేపలది. తెలుగు ఇంట్లో పుట్టినవాళ్ళకు దాన్ని చెప్పనక్కర్లేదు. అయినా మా జేజి వరస వేరు. ఆమె గొంతులో అది ఫిర్యాదుల పట్టీలాగా సాగేది. రాజుకు ఏడుగురు కొడుకులు. వేటకు పోయి ఏడు చేపలు తెచ్చిరి. ఎండేసిరి. ఆరు ఎండె, ఒకటి ఎండల్యా. ఏంటికి ఎండల్యా అంటే గడ్డివామి అడ్డమొచ్చె. వామి ఏంటికి అడ్డమొచ్చె? ఆవు మేయల్యా. ఆవు ఏంటికి మేయల్యా? గొల్లపిల్లోడు మేపల్యా. వాడు ఏంటికి మేపల్యా? అవ్వ బువ్వ పెట్టల్యా. అవ్వ ఏంటికి పెట్టల్యా? బిడ్డ ఏడ్చె. బిడ్డ ఏంటికి ఏడ్చె? చీమ కుట్టె. చీమను అడిగితే అది తలెత్తి ఎదురడుగుతుంది, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టకుండా ముద్దు పెట్టుకుంటానా అని.

ఇక్కడొక విచిత్రం ఉంది. మా ఊళ్ళో చేపలు ఎండబెట్టడం చూసినవాళ్ళే లేరు. పెన్న, చిత్రావతి ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. ఎండుచేపలు సంతలో అమ్మకానికి వస్తే వచ్చేవి, అవీ ఎక్కడో కోస్తాలో ఎండి వచ్చినవి. బావి ఎండుతుంది, వంక ఎండుతుంది, చేలో సెనక్కాయ ఊడ దిగకముందే ఎండుతుంది. అన్నీ ఎండే చోట ఒక్క చేప మాత్రం ఎండనంటోందని కథ. తడి మిగిలి ఉండటం ఒక సమస్య అని, దానికోసం రాజు కొడుకులు ఇల్లిల్లూ తిరిగారని వింటే మాకు నవ్వొచ్చేది. ఆ తడి చేపను మాకిస్తే బాగుండునని మా తమ్ముడు అనేవాడు.

ఈ కథకు లోపలి అర్థం ఉందని నాకు మొదట చెప్పింది మా రామాలయంలో ధనుర్మాసం భజనలకు వచ్చే చెక్కభజన గురువు. ఆ అర్థం తెలుగునాట చాలామంది నోట వినపడేదే, మనిషికొక చిన్న మార్పుతో. రాజు అంటే మానవుడు, ఏడుగురు కొడుకులు సప్తధాతువులు, చేపలు కోరికలు, ఎండని చేప మనసు, గడ్డివామి అజ్ఞానం, ఆవు జ్ఞానం, గొల్లపిల్లవాడు గురువు, అవ్వ జగన్మాత, ఏడ్చే బిడ్డ శిష్యుడు, చీమ సంసారం. గురువుగారు వేళ్ళు మడుస్తూ ఒక్కొక్కటి చెబుతుంటే పెద్దలు తలలూపారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇంత పెద్ద రహస్యం ఇన్నాళ్ళూ మా మిద్దె మీద పొర్లుతోందా అనిపించింది. పరుగున ఇంటికొచ్చి జేజికి అప్పజెప్పాను.

ఆమె చేట పక్కన పెట్టి అంతా శ్రద్ధగా వింది. "బాగుంది నాయనా" అంది. కాసేపాగి, "అవ్వేమో జగన్మాతై కూర్చునె, పిల్లోడేమో గురువై పాయె. ఆ బిడ్డను మరి ఎవురెత్తుకున్నారంట?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు భజన గురువు దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. వేదాంతార్థం తప్పని నేను అనను. అది చెప్పినవాళ్ళకు, విన్నవాళ్ళకు ఎంతో కొంత ఊరట ఇచ్చే ఉంటుంది. కాకపోతే అట్లాంటి అర్థం ఒకసారి తెలిశాక కథతో పని ఉండదు. పట్టీ కంఠతా పెడితే చాలు, వామి నీడ ఎంత పొడుగు పడింది, గొల్లపిల్లవాడు ఎన్ని పూటలు పస్తున్నాడు అని అడిగేవాడు ఉండడు. జేజి అడిగింది అదే. ఆమెకు బిడ్డ బిడ్డే, చీమ చీమే.

ఈ మాదిరి గొలుసు కథలు లోకమంతటా ఉన్నాయి, వాటికి పట్టీలు తగిలించే పెద్దలూ అన్నిచోట్లా ఉన్నారు. యూదులు పాస్కా పండుగ రాత్రి పాడే ఒక పాట ఉంది, పేరు హద్ గద్యా, ఒక్క మేకపిల్ల అని అర్థం. 1590లో ప్రాగ్ నగరంలో అచ్చయిన పండుగ పుస్తకంలో అది కనపడుతుంది. నాన్న రెండు కాసులు పెట్టి కొన్న మేకపిల్లను పిల్లి తింటుంది, పిల్లిని కుక్క కరుస్తుంది, కుక్కను కర్ర కొడుతుంది, కర్రను నిప్పు కాలుస్తుంది, నిప్పును నీళ్ళు ఆర్పుతాయి, నీళ్ళను ఎద్దు తాగుతుంది. అట్లా పోయి పోయి మృత్యుదూత దాకా, చివరికి దేవుడి దాకా. దానికీ వ్యాఖ్యానం ఉంది. మేకపిల్ల అంటే యూదు జాతి, పిల్లి అసీరియా, కుక్క బాబిలోన్, కర్ర పర్షియా అని వరసగా సామ్రాజ్యాలు. రెండు గొలుసులూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఒక తేడా కొట్టొచ్చినట్టు కనపడింది. వాళ్ళ పాటలో ప్రతి ఒక్కరూ ముందరివాణ్ణి శిక్షిస్తారు, ఆఖర్న దేవుడొచ్చి లెక్క తేలుస్తాడు. మన కథలో ఎవరూ ఎవరినీ కొట్టరు. రాజు కొడుకులు చేతిలో కత్తులున్నవాళ్ళు, వేటగాళ్ళు. అయినా వామిని తగలబెట్టలేదు, ఆవును బాదలేదు, గొల్లపిల్లవాడి చెవి మెలిపెట్టలేదు. అడిగి, జవాబు విని, ఆ జవాబు పట్టుకుని తర్వాతివాళ్ళ దగ్గరికి పోయారు. రాజు కొడుకులు చీమ దగ్గర వంగి కూర్చుని జవాబు విన్న కథ ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన బ్రూనో బెటెల్‌హైమ్ అనే మానసిక శాస్త్రజ్ఞుడు 1976లో అద్భుత కథల గురించి పెద్ద పుస్తకం రాశాడు. గ్రిమ్ కథలకు ఆయన చెప్పిన ఫ్రాయిడ్ అర్థాలు నాకు అంతగా మింగుడు పడవు, అదీ ఒక పట్టీయే. కానీ పిల్లలకు కథ అర్థం విడమరచి చెప్పొద్దని, చెబితే కథ పని చేయడం మానేస్తుందని ఆయన అన్నది మాత్రం మా జేజి ఒప్పుకునేది.

నాకు చదువొచ్చాక చందమామ దొరికింది. ముద్దనూరులో ఒక దుకాణం ఆయన పాత సంచికలు కుట్టించి పెట్టుకుని, కొట్టులోనే కూర్చుని చదవమనేవాడు. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ఆ పత్రికను చక్రపాణితో కలిసి పెట్టిన బి.నాగిరెడ్డి మా కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవాడని తెలిసిన రోజు నేను ఊళ్ళో అందరికీ చెప్పుకు తిరిగాను. ఆయన అన్న బి.ఎన్.రెడ్డి పుట్టింది పులివెందుల వైపు. 1951లో పాతాళభైరవి తీసిన కె.వి.రెడ్డి తాడిపత్రి మనిషి, మా స్టేషన్లో గుంతకల్లు బండెక్కితే దారిలో వచ్చే ఊరే. తెలుగు పిల్లలకు అన్ని భోగాలున్న రాజ్యాలను చూపించినవాళ్ళలో ఇంతమంది ఈ వానల్లేని పట్టీ నుంచే పోవడం నాకు యాదృచ్ఛికమనిపించదు. లేనిదాన్ని ఊహించడంలో మాకు తరతరాల అనుభవం.

చందమామ బేతాళుడు నాకు జేజి చెప్పని ఇంకో సంగతి చెప్పాడు. జవాబు తెలిసీ నోరు మూసుకుంటే తల పగులుతుంది. నోరు విప్పితే చేతికొచ్చిన శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రెంటిలో ఏదో ఒకటి పోగొట్టుకోవాల్సిందే. విక్రమార్కుడు ప్రతిసారీ తల కాపాడుకున్నాడని అందరూ అంటారు, ఆయన ప్రతిసారీ న్యాయం చెప్పకుండా ఉండలేకపోయాడని నేననుకుంటాను. నేను కొన్నాళ్ళు ఉద్యోగం చేసిన చోట ఆ మాట పదే పదే గుర్తొచ్చేది. అదంతా ఇక్కడెందుకు.

ఏడు చేపల కథ జీవితంలో అక్షరాలా ఎదురైంది నేను పదో తరగతి రాసిన ఎండాకాలంలో. అంతకుముందు ఏడు సెనక్కాయ పంట పోయింది. కరువు పరిహారం పక్క ఊళ్ళకు అంది మా ఊరికి అందలేదు. నాయన నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు, కాగితం చదివి పెడతానని. మొదటి ఆఫీసులో మీ ఊరి జాబితా రాలేదన్నారు. జాబితా పంపాల్సిన చోట లెక్క రాలేదన్నారు. లెక్క రావాల్సిన చోట అడంగల్లో మీ చేల పంట కాలమ్ ఖాళీగా ఉందన్నారు. నాయన కోపం మనిషి. ఒక్కో గడప దిగేకొద్దీ పై గుడ్డ భుజం మీద నుంచి నడుముకు వచ్చింది. అడంగల్ రాసే కుర్రాణ్ణి పట్టుకుని నాలుగు తగిలిస్తేగానీ లాభం లేదని దారంతా తిడుతూనే ఉన్నాడు.

ఆ కుర్రాడు ఒక అద్దె గదిలో లాంతరు తుడుచుకుంటూ కనపడ్డాడు. 1984లో కరణాల పద్ధతి ఎత్తేశాక కొత్తగా వచ్చినవాళ్ళలో ఒకడు. నాయన గొంతు పెంచేలోపు వాడే అందుకున్నాడు. నాలుగూళ్ళు అప్పజెప్పినారు, సైకిలైనా లేదు, పాత లెక్కలు ఎవరిళ్ళలో ఉన్నాయో చెప్పేవాళ్ళు లేరు, మీ చేను తూరుపో పడమరో నాకెట్లా తెలుస్తుంది, అడిగినోడల్లా వచ్చి కొడతానంటే నేనేం చేసేది అని. గొంతు వణికింది గాని కళ్ళు దించలేదు. నాకు ఆ క్షణాన నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. వీడే చీమ. నాయన నా వైపు చూశాడు, ఆయనకూ తట్టినట్టుంది, ఆ కథ ఆయన కూడా అదే మిద్దె మీద విన్నాడు కదా. "ఎక్కు బండి" అన్నాడు వాడితో. మరుసటి రోజంతా ఎద్దులబండిలో చేను చేను తిప్పి చూపించాడు. మధ్యాహ్నం సద్ది మాతోనే తిన్నాడు. పరిహారం వచ్చింది. విత్తనాల అప్పులో సగానికి కూడా చాలలేదు. అది వేరే గొలుసు.

అన్నిసార్లూ ఇట్లా జరగదు. మా జమ్మలమడుగు తాలూకా కక్షల గురించి పత్రికలు చదివేవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ ఊళ్ళలో ఎవరిని కదిలించినా చీమ మాటే వినపడుతుంది. మా జోలికొస్తే ఊరుకుంటామా, మా ఇంటి మనిషిని పోగొట్టుకుని గమ్మునుంటామా. ప్రతివాడికీ ఒక బంగారు పుట్ట ఉంది, ప్రతివాడి పుట్టలోనూ ఎవరో ఒకరు వేలు పెట్టారు. అందుకే చీమ జవాబుతో కథ ముగియడం నాకు పెద్దయ్యాక ఇబ్బందిగా అనిపించసాగింది. కుట్టడానికి కారణం దొరికింది, ఇక అందరం ఇంటికి పోదామా?

జేజి కూడా ఆ ఇబ్బంది పడే ఉంటుంది. ఎందుకంటే కొన్ని రాత్రులు ఆమె కథను అక్కడ ఆపేది కాదు. చీమ జవాబు విని రాజు కొడుకులు వెనక్కి తిరిగి మళ్ళీ బిడ్డ దగ్గరికే వచ్చేవాళ్ళు. "బిడ్డా బిడ్డా, పుట్టలో వేలు ఏంటికి పెట్టినావు?" "బంగారం ఉందంటిరి గదా!" "ఎవురన్నారు?" ఇక్కడ జేజి మా మీద వదిలేసేది, ఎవరంటే వాళ్ళ పేరు చెప్పమని. మేం ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ వరసపెట్టి చెప్పేవాళ్ళం. వడ్డీవ్యాపారి పేరు, పెద్దరెడ్డి పేరు, గిట్టని పంతులు పేరు. ఆ ఆటలో ఎవరి మీద ఎవరికి అనుమానమో తెలిసిపోయేది. మట్టిపుట్టను బంగారు పుట్ట అని మొదట అన్నవాడు ఎవడో ఉంటాడు, వాడు కథలో ఎక్కడా కనపడడు. తుమ్మలపల్లె కింద యురేనియం ఉందన్నప్పుడు, ఎర్రగుంట్ల చుట్టూ సున్నపురాయి ఉందని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు నాకు ఆ కనపడనివాడే గుర్తొచ్చాడు. వాళ్ళు అబద్ధం చెప్పారని కాదు. యురేనియం ఉన్నమాట నిజమే.

ఇంటర్మీడియట్‌కు ప్రొద్దుటూరు పోయినప్పుడు పేదరాశి పెద్దమ్మను చూశాను. బంగారు అంగళ్ళ వీధి వెనక సందులో ఒక ముసలామె, ముందు గదిలో నలుగురు పిల్లలకు చోటిచ్చి, రెండు పూటలా అన్నం పెట్టి, నెలకింత అని తీసుకునేది. ఏ అంగట్లో కాగితాలు చవక, ఏ వీధిలో రాత్రి తిరగకూడదు, ఏ లెక్చరరు ఇంటికి పోతే విసుక్కోడు, అన్నీ ఆమెకు తెలుసు. కథల్లో పెద్దమ్మ అచ్చం ఇంతే. రాజు కొడుకు కొత్త ఊళ్ళో అడుగు పెట్టగానే ఆమె గుడిసె కనపడుతుంది. అన్నం పెడుతుంది, ఊరి గుట్టు చెబుతుంది, ఉత్తరం దిక్కు పోవద్దంటుంది. వాడు ఆ దిక్కే పోయి రాకాసిని చంపి రాకుమారిని పెళ్ళాడి ఏనుగెక్కి తన రాజ్యానికి పోతాడు. పెద్దమ్మ ఏమైంది? ఏ కథా చెప్పదు. వాడు ఆమెకు ఒక వీసమైనా పంపాడని నేను ఎక్కడా వినలేదు. ఆమెకు పేరు లేదు, ఊరు లేదు, సొంత కథ లేదు, వచ్చే ప్రతి రాజు కొడుకు కథలోనూ పొయ్యి దగ్గర కూర్చుని ఉంటుంది. చదువైపోయాక ప్రతి దసరాకూ ప్రొద్దుటూరు పోయి ఆ ముసలామెకు చీర పెట్టి వచ్చేవాణ్ణి. మా స్నేహితులు దాన్ని మంచితనమనుకున్నారు. నిజానికి రాజు కొడుకుల మీద నాకున్న కోపం అది.

బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉండటం మీద కూడా ఒక మాట. మా జిల్లాలో ఎన్నో ఇళ్ళ ప్రాణం ఇట్లాగే సముద్రం అవతల కువైట్‌లో ఉంది. ఫోను రాని రోజు ఆ ఇళ్ళలో పొయ్యి వెలిగే తీరు చూస్తే చాలు, చిలక మెడ ఎవరి చేతుల్లో ఉందో తెలుస్తుంది. మా కథల్లో ఆ చిలక చచ్చినప్పుడు మేం చప్పట్లు కొట్టేవాళ్ళం.

నేను బడిపంతులునయ్యాను. కథలు చెప్పడం నా ఉద్యోగంలో భాగమైంది, కాబట్టి పగటిపూటే చెప్పాల్సి వచ్చింది. మేనమామలు ఎవరూ దారి తప్పినట్టు కబురు రాలేదు. ఈలోగా మా నేల మీద జేజి నమ్మని సంగతొకటి జరిగింది. నీళ్ళొచ్చాయి. శ్రీశైలం వెనక నుంచి అవుకు మీదుగా కృష్ణ నీళ్ళు గండికోట రిజర్వాయరుకు చేరాయి. దాదాపు 27 టీఎంసీలు పట్టే జలాశయం. పెన్న లోయ అంచున మీర్ జుమ్లా ముట్టడి చూసిన కోట పైనే ఉంది, కింద కొండాపురం మండలంలోని పల్లెలు మునిగాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరులోకి నీళ్ళొచ్చేశాయి, పరిహారం తేలకుండా ఎట్లా లేస్తామని జనం రోడ్డు మీద కూర్చున్నారు. నీళ్ళ కోసం ఏడ్చిన సీమలో నీళ్ళొచ్చి ఏడ్చినవాళ్ళను అప్పుడే చూశాను. నీళ్ళు రావడం మంచిదే. దిగువన చేలు పచ్చబడ్డాయి, ఆ పచ్చదనం చూసి నేనూ సంతోషించాను. ఆ రెండు సంగతుల్లో ఒకదాన్ని రెండోదానితో కొట్టేసి లెక్క సరిచేయడం నాకు చేతకాదు.

మునిగిన ఊళ్ళ పిల్లలు కొందరు నా తరగతిలో చేరారు. ఒకరోజు ఏడు చేపల కథ చెప్పి, దీన్ని మీ ఇష్టమొచ్చినట్టు మార్చి చెప్పండన్నాను. ఈ పిల్లలకు గడ్డివామి తెలియదు, కోత మిషన్లొచ్చి వామి వేసేవాళ్ళు తగ్గారు. గొల్లపిల్లవాడు బడిలోనే ఉన్నాడు, రెండో బెంచీలో. ఒకడు లేచి చేప ఎందుకు ఎండలేదంటే థర్మల్ పొగ అడ్డమొచ్చిందన్నాడు. కలమళ్ళలో తొంభైల్లో మొదలైన కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు వాళ్ళూరికి కనపడతాయి. పొగా పొగా ఏంటికొచ్చినావంటే మీరు ఫ్యాను వేసుకుంటిరి గదా అన్నదట. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను, పైన తిరుగుతున్న ఫ్యాను చూసి కాస్త తక్కువగా.

తర్వాత పునరావాస కాలనీ నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచింది. మెల్లగా మొదలుపెట్టింది. రాజుకు ఏడుగురు కొడుకులు, రిజర్వాయరులో ఏడు చేపలు పట్టిరి, మిద్దె మీద ఎండేసిరి. ఒకటి ఎండల్యా. ఏంటికంటే మిద్దె మునిగిపాయె. నీళ్ళా నీళ్ళా, ఊళ్ళోకి ఏంటికొచ్చినారు? గేట్లు మూసినారు. గేటూ గేటూ, ఏంటికి మూసుకున్నావు? సారు మూయమన్నాడు. సారూ సారూ, ఏంటికి మూయమన్నావు? పై సారు చెప్పినాడు. ఇక్కడ ఆగింది. పై సారు పైన ఎవరుంటారని గొడవ మొదలైంది. కలెక్టరని ఒకడు, మంత్రి అని ఒకడు, కాదు ఢిల్లీ అని ఇంకొకడు. చీమ రావాల్సిన చోటు కోసం తరగతంతా లేచి నిలబడింది. ఆ అమ్మాయి అందరినీ వినింది.

"ఎంత పైకి పోయినా ఆఖరికి రాజే కద సార్" అంది. "కొడుకులు అందరినీ అడిగినారు గాని వాళ్ళ నాయనను అడగల్యా."

వెనక బెంచీ నుంచి ఎవడో అన్నాడు: "అడిగితే కొడతాడు గదా!"

"కొట్టనీ. అడగాల" అని కూర్చుంది.